చమురు బావుల కాపలాకు మన సైన్యాన్ని పంపొద్దు: పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన లోక్‌సభ, రాజ్యసభ సభ్యులకు,

నమస్కారం.

లిబియాలో పనిచేసి వచ్చినవాళ్ళం, ఇప్పటికీ ఆ దేశంలో ఉన్నవాళ్ళ కుటుంబాలవాళ్ళం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇందులో ఉన్న విషయాలనే ఇంతకుముందు వినతిపత్రాలుగా పంపాం. అందినట్టు రసీదులు వచ్చాయి కానీ జవాబు రాలేదు. మీ పనుల ఒత్తిడి తెలియక కాదు, ఇక ఇలా అందరి ముందు అడగడం తప్ప మాకు దారి కనిపించలేదు.

కొన్నేళ్ళుగా టీవీ చర్చల్లో, రక్షణ వ్యవహారాల సదస్సుల్లో ఒక వాదన బలపడుతోంది. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే వస్తోంది, మన ప్రభుత్వ రంగ కంపెనీలు విదేశీ బావుల్లో వేల కోట్లు పెట్టాయి, ఆ దేశాల్లో అంతర్యుద్ధం వస్తే మన డబ్బుకు, మన చమురుకు కాపలా ఎవరు, పెద్ద దేశాలు చేసినట్టే మనమూ సైన్యాన్ని పంపాలి కదా అంటున్నారు. వినడానికి ఇది దేశభక్తిలాగే ఉంటుంది. ప్రభుత్వం ఈ వాదనకు తలూపిందని మేం అనడం లేదు. తలూపబోదని సభలో చెప్పించాల్సిన బాధ్యత మాత్రం మీది.

ఇది ఎంత ప్రమాదకరమైన ఆలోచనో తెలుసుకోవడానికి ఎక్కువ దూరం ఆలోచించనక్కర్లేదు. లిబియా కథ ఒక్కటి చాలు.

లిబియాలో జరిగింది

ఆఫ్రికా మొత్తంలో ఎక్కువ చమురు నిల్వలున్న దేశం లిబియా. దాదాపు 4,800 కోట్ల బ్యారెళ్ళ నిల్వలు, సుమారు 70 లక్షల జనాభా. 2011కి ముందు రోజుకు 16 లక్షల బ్యారెళ్ళు తీసేవారు. అప్పటి నియంత గడాఫీ పాలన మంచిదని మేం చెప్పబోవడం లేదు. అక్కడ నోరెత్తితే ఏమయ్యేదో మాలో కొందరికి బాగా తెలుసు.

2011 ఫిబ్రవరిలో తిరుగుబాటు మొదలైంది. మార్చి 17న ఐరాస భద్రతా మండలి, లిబియా పౌరులను కాపాడటానికి సైనిక చర్యకు అనుమతిస్తూ 1973వ నంబరు తీర్మానం చేసింది. పది దేశాలు అనుకూలంగా ఓటేశాయి. భారత్, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. సమితి ప్రత్యేక ప్రతినిధి నివేదికే ఇంకా రాలేదని, అక్కడ ఏం జరుగుతోందో నమ్మదగిన సమాచారం లేకుండా నిర్ణయం తీసుకుంటున్నారని ఆ రోజు మన దేశం చెప్పింది. తర్వాత జరిగింది చూస్తే ఆ మాటలో ఎంత విషయం ఉందో తెలుస్తుంది.

తీర్మానంలో ఉన్నది పౌరుల రక్షణ. రెండు రోజుల్లో బాంబులు పడటం మొదలైంది. నాటో ఆపరేషన్ అక్టోబర్ 31 దాకా సాగింది. అక్టోబర్ 20న సిర్త్‌లో గడాఫీని చంపేశారు. ఆ తర్వాత దేశాన్ని ఎవరు నడుపుతారు, వీధుల్లో తిరుగుతున్న ఆయుధాలు ఎవరు సేకరిస్తారు అనే ప్రశ్నకు యుద్ధం చేసినవాళ్ళ దగ్గర సమాధానం లేదు. బ్రిటన్ పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీయే 2016 సెప్టెంబర్‌లో ఈ సంగతి ఒప్పుకుంది. తప్పుడు అంచనాలతో, లిబియాను సరిగా అర్థం చేసుకోకుండా యుద్ధంలోకి దిగారని ఆ కమిటీ తేల్చింది. లిబియా చమురులో ఎక్కువ వాటా సంపాదించడం ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ ఉద్దేశాల్లో ఒకటని ఫ్రెంచ్ నిఘా అధికారులు చెప్పినట్టు 2011 నాటి ఒక అమెరికన్ ఈమెయిల్‌లో ఉంది. ఆ కమిటీ దాన్నీ తన నివేదికలో ఉటంకించింది. చమురొక్కటే కారణమని మేం అనం. కానీ చమురు లేని ఎడారి అయితే అన్ని విమానాలు అంత తొందరగా ఎగిరేవా అని మాత్రం అడుగుతాం.

రెండో విడత ఇంకా బాహాటంగా జరిగింది. 2014 నుంచి దేశం తూర్పు, పడమరలుగా చీలిపోయింది. 2019 ఏప్రిల్ 4న తూర్పు సైన్యాధిపతి ఖలీఫా హఫ్తర్ రాజధాని ట్రిపోలీ మీదికి బయల్దేరాడు. ఆయన వెనుక యూఏఈ, ఈజిప్టు, రష్యాకు చెందిన వాగ్నర్ కిరాయి సైనికులు. ట్రిపోలీ ప్రభుత్వానికి టర్కీ అండ. నవంబర్ 27న టర్కీ, ట్రిపోలీ ప్రభుత్వం రెండు ఒప్పందాలు చేసుకున్నాయి. ఒకటి సైనిక సహకారం, రెండోది మధ్యధరా సముద్రంలో సరిహద్దు. ఒక చేత్తో సైన్యం ఇచ్చి రెండో చేత్తో సముద్రం తీసుకున్నారు. ఆ సముద్రం అడుగున గ్యాస్ ఎవరిదనే తగువు అప్పటికే టర్కీకీ గ్రీసు, సైప్రస్‌లకీ మధ్య నడుస్తోంది. 2020 జనవరి 2న టర్కీ పార్లమెంటు 325-184 ఓట్లతో లిబియాకు సైన్యాన్ని పంపడానికి అనుమతి ఇచ్చింది. అదే ఏడాది జూలైలో ఈజిప్టు పార్లమెంటు కూడా దేశం వెలుపలికి సైన్యాన్ని పంపడానికి ఒప్పుకుంది. డిసెంబర్ నాటికి లిబియాలో 20 వేల మంది విదేశీ సైనికులు, కిరాయి సైనికులు ఉన్నారని అప్పటి ఐరాస ప్రతినిధి స్టెఫనీ విలియమ్స్ చెప్పారు.

లిబియాకు ఆయుధాలు పంపకూడదని 2011 ఫిబ్రవరి 26నే భద్రతా మండలి ఏకగ్రీవంగా నిషేధం పెట్టింది. ఆ నిషేధం పూర్తిగా నిష్ఫలమైందని సమితి సొంత నిపుణుల బృందం 2021 మార్చిలో రాసింది. ఒకడి ఇల్లు కాలుతుంటే ఇంకొకడు చుట్టకు నిప్పు అడిగాడట. ఇక్కడ అడిగినవాళ్ళు ఒకరిద్దరు కాదు.

దీని భారం ఎవరి మీద పడింది

1. ముందు చమురు సంగతే చూద్దాం, ఎందుకంటే సైన్యం పంపాలనేవాళ్ళు చెప్పే కారణమే అది. బాంబుల తర్వాత లిబియాలో చమురు పెరగలేదు, ఆగిపోయింది. 2011 ఆగస్టు నాటికి ఉత్పత్తి దాదాపు సున్నా. లిబియా నుంచి మనం కొనేది తక్కువే అయినా ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచ మార్కెట్‌లో బ్రెంట్ రకం బ్యారెల్ 120 డాలర్లు దాటింది. జూన్‌లో అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్య దేశాలు అత్యవసర నిల్వల్లోంచి 6 కోట్ల బ్యారెళ్ళు బయటికి తీయాల్సి వచ్చింది.

2012లో ఉత్పత్తి కోలుకుంది. 2013 వేసవిలో తూర్పు తీరంలోని సిద్రా, రాస్ లనూఫ్ ఎగుమతి రేవులు మూతపడ్డాయి. మూసింది శత్రువు కాదు, వాటి కాపలాకు పెట్టిన చమురు రక్షక దళంలోని ఇబ్రహీం జద్రాన్ అనే కమాండర్. కాపలావాడే తాళం వేసి, వాటా ఇస్తేనే తీస్తానన్నాడు. 2014 మార్చిలో అతని మనుషులు మార్నింగ్ గ్లోరీ అనే ట్యాంకర్‌ను నింపి సముద్రంలోకి పంపేశారు. దాన్ని ఆపలేకపోయినందుకు ప్రధాని అలీ జైదాన్ పదవి పోయింది. చివరికి సైప్రస్ దగ్గర అమెరికా నావికాదళం ఆ ఓడను పట్టుకుంది. పడమట కథ ఇంకా చిన్నది. రయాయినా దగ్గర ఒక సాయుధ ముఠా పైప్‌లైన్ వాల్వ్ మూసేసింది. అంతే, దేశంలోని అతిపెద్ద బావుల్లో ఒకటైన షరారా నుంచి జావియా రేవుకు వెళ్ళే చమురు 2014 చివరి నుంచి రెండేళ్ళు ఆగిపోయింది.

2020 జనవరిలో హఫ్తర్ వర్గం రేవులన్నీ మూసినప్పుడు రోజుకు 12 లక్షల బ్యారెళ్ళ ఉత్పత్తి లక్షలోపుకు పడిపోయింది. సెప్టెంబర్ దాకా అదే పరిస్థితి. 2024 ఆగస్టులో సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ పదవి ఎవరిదనే గొడవ వచ్చింది, మళ్ళీ బావులు మూశారు. బ్యాంకు కుర్చీకీ చమురు బావికీ ఏం సంబంధమని అడగొద్దు. ఆయుధం ఉన్న ప్రతివాడికీ అక్కడ బేరానికి చేతికి దొరికేది అదే.

వందల కిలోమీటర్ల పైప్‌లైన్‌కు ప్రతి అడుగునా జవానును నిలబెట్టగల సైన్యం ప్రపంచంలో లేదు. బావి చుట్టూ ఉన్న ఊళ్ళు ఒప్పుకుంటేనే చమురు పారుతుంది. మన ఆయిల్ ఇండియా, ఇండియన్ ఆయిల్ కంపెనీలకు కూడా అల్జీరియా కంపెనీతో కలిసి ఘదామిస్ ప్రాంతంలో వాటా ఉంది. ఆ పని ఏళ్ళ తరబడి ఆగిపోయింది. అక్కడ మన సైన్యం లేకపోవడం వల్ల కాదు, అందరి సైన్యాలూ ఉండటం వల్ల.

2. చమురు తేలే దేశంలో జనం పెట్రోల్ కోసం, బ్యాంకులో సొంత డబ్బు కోసం లైన్లలో నిలబడ్డారు. రాస్ లనూఫ్ రిఫైనరీ 2013లో మూతపడింది. ముడి చమురు అమ్మే దేశం పెట్రోల్ కొనుక్కోవాల్సి వస్తోంది. ట్రిపోలీలో ఎండాకాలం గంటల తరబడి కరెంటు ఉండేది కాదు. 2021 జనవరిలో దినార్ అధికారిక విలువను డాలర్‌కు 1.4 నుంచి ఒక్కసారిగా 4.48కి దించారు. జీతం దినార్లలో తీసుకుని ఇంటికి డాలర్లలో పంపుకునే మన నర్సులకు, టీచర్లకు దాని అర్థం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ప్రాణాలు. 2019 జూలై 2 రాత్రి తజూరాలో వలసదారులను బంధించిన కేంద్రం మీద బాంబు పడి కనీసం 53 మంది చనిపోయారు. వాళ్ళు లిబియా వాళ్ళు కూడా కాదు, ఆ యుద్ధంలో వాళ్ళకు ఏ పక్షమూ లేదు. 2020 జనవరిలో ట్రిపోలీ సైనిక శిక్షణ కేంద్రం మీద దాడిలో 26 మంది కుర్రాళ్ళు పోయారు. ఆ జూన్‌లో తర్హూనాలో సామూహిక సమాధులు బయటపడ్డాయి.

3. డెర్నా గురించి కాస్త వివరంగా చెప్పాలి. యుద్ధం ముగిశాక కూడా జనాన్ని ఎలా చంపుతుందో డెర్నాను చూస్తే తెలుస్తుంది.

డెర్నా తూర్పు తీరంలో కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు. వాగు ఊరి నడిబొడ్డులోంచి పోతుంది. ఆ వాగు మీద 1970లలో రెండు ఆనకట్టలు కట్టారు. వాటికి బీటలు పడ్డాయని తెలిసి 2007లో ఒక టర్కీ కంపెనీకి మరమ్మతు పని ఇచ్చారు. చెల్లింపుల గొడవలతో పని మొదలయ్యేసరికి 2010 అయింది. కొన్ని నెలలకే తిరుగుబాటు, బాంబులు. కంపెనీ మనుషులు వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. తర్వాతి పన్నెండేళ్ళలో ఆ ఊరు ఎన్ని చేతులు మారిందో! కొంతకాలం ఐసిస్, తర్వాత దాన్ని తరిమిన ఇంకో ఇస్లామిక్ వర్గం, తర్వాత హఫ్తర్ ముట్టడి. ఆనకట్టల దగ్గరికి ఇంజనీరును పంపాలంటే ఏ ప్రభుత్వం పంపాలి? పడమట ట్రిపోలీదా, తూర్పున బెంఘాజీదా? పెద్ద వరద వస్తే ఆ ఆనకట్టలు ఆగవని ఒమర్ అల్-ముఖ్తార్ యూనివర్సిటీ పరిశోధకుడు ఒకరు 2022లోనే రాశారు.

2023 సెప్టెంబర్ 10 అర్ధరాత్రి దాటాక, డేనియల్ తుఫాను వానకు రెండు ఆనకట్టలూ ఒకదాని తర్వాత ఒకటి తెగిపోయాయి. ఊళ్ళోని పేటలకు పేటలు మనుషులతో సహా సముద్రంలో కలిసిపోయాయి. చనిపోయినవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు వేలల్లో ఉన్నారు. ఈనాటికీ కచ్చితమైన లెక్క మీద ఒప్పందం లేదు, లెక్క పెట్టాల్సిన ప్రభుత్వమూ రెండుగా ఉంది.

అవినీతి, నిర్లక్ష్యం కూడా ఇందులో ఉన్నాయి, కాదనం. తుఫానును నాటో పంపలేదు. కానీ ఒక దేశంలో ప్రభుత్వమే లేకుండా చేసి వెళ్ళిపోతే ఆనకట్టకు సిమెంటు పూసే మనిషి కూడా ఉండడు. 2011లో సైన్యాలు పంపిన రాజధానుల్లో ఈ ఆనకట్టల పేర్లు ఎవరికైనా తెలుసునా? తెలిసి ఉండదు. సైన్యం పంపేవాళ్ళ దగ్గర బావుల మ్యాపులు ఉంటాయి, ఆనకట్టల జాబితాలు ఉండవు.

4. నిప్పు చుట్టుపక్కల ఇళ్ళకూ పాకింది. గడాఫీ సైన్యంలో పనిచేసిన, సహారా ఎడారి తెగ అయిన తువారెగ్ యోధులు ఆయుధాలతో సహా పశ్చిమ ఆఫ్రికాలోని మాలీకి వెళ్ళారు. 2012 జనవరిలో అక్కడ తిరుగుబాటు మొదలైంది. మాలీ ఇంకా తేరుకోలేదు.

5. మన వాళ్ళు. 2011లో లిబియాలో దాదాపు 18 వేల మంది భారతీయులు ఉన్నారు. నర్సులు, ప్రొఫెసర్లు, వెల్డర్లు, మేస్త్రీలు, నిర్మాణ కూలీలు. అప్పుడు ప్రభుత్వం విమానాలు, ఓడలు పంపి 15 వేల మందికి పైగా తీసుకొచ్చింది. ఐఎన్ఎస్ జలాశ్వ, ఐఎన్ఎస్ మైసూర్ వెళ్ళింది ఆ పని మీదే. మన సైన్యం విదేశీ యుద్ధంలోకి అలా వెళ్తే మాకు అభ్యంతరం లేదు, ఎదురెళ్ళి దండం పెడతాం.

తర్వాత అప్పులు తీర్చడానికి చాలామంది మళ్ళీ వెళ్ళారు. 2015 జూలైలో సిర్త్ దగ్గర నలుగురు భారతీయ అధ్యాపకులను ఎత్తుకుపోయారు. ఇద్దరు త్వరగానే బయటపడ్డారు. మిగతా ఇద్దరూ తెలుగువాళ్ళు, 2016 సెప్టెంబర్‌లో కానీ విడుదల కాలేదు. ఏడాది పైన ఆ ఇళ్ళలో పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి. 2016 మార్చిలో జావియాలో షెల్ పడి కేరళ నర్సు ఒకరు, ఆమె పసివాడు చనిపోయారు. 2020 సెప్టెంబర్‌లో ఇంటికి రావడానికి ట్రిపోలీ ఎయిర్‌పోర్టుకు బయల్దేరిన ఏడుగురిని అష్‌వెరిఫ్ దగ్గర అపహరించారు. వాళ్ళలో ఆంధ్రప్రదేశ్ వాళ్ళూ ఉన్నారు, చమురు క్షేత్రాలకు సరుకులు అందించే కంపెనీలో పనిచేసేవాళ్ళు. అప్పటికి లిబియా ప్రయాణం మీద మన ప్రభుత్వ నిషేధం కూడా ఉంది, అయినా ఏజెంట్లు పంపుతూనే ఉన్నారు. అక్టోబర్‌లో ఆ ఏడుగురూ విడుదలయ్యారు.

ఎలా విడుదలయ్యారు? ట్యునీసియాలోని మన రాయబార కార్యాలయం లిబియా అధికారులతో, అంతర్జాతీయ సంస్థలతో మాట్లాడింది. ఫోన్ చేస్తే అటువైపు ఎత్తే మనిషి ఉన్నాడు. ఆ దేశంలో మన విమానాలు ఏదో ఒక వర్గం మీద బాంబులేసి ఉంటే ఎత్తేవాడా? ఏ పక్షంలోనూ లేనివాడికి ప్రాణభయం ఉండదని మేం చెప్పలేం. 2014లో మోసుల్‌లో ఐసిస్ చేతిలో 39 మంది మన కూలీలు చనిపోయారు. అప్పుడు ఇరాక్‌లో మన సైన్యం లేదు. కానీ అదే ఏడాది తిక్రిత్ నుంచి 46 మంది మన నర్సులు ప్రాణాలతో తిరిగొచ్చారు. ఎవరితోనూ శత్రుత్వం లేనప్పుడు ఒక తలుపైనా తెరిచి ఉంటుంది. యుద్ధంలో దిగితే అదీ మూసుకుపోతుంది.

6. జవాన్లు. 1987 జూలైలో శ్రీలంక ప్రభుత్వం పిలిస్తేనే మన శాంతి సేన వెళ్ళింది. ఆయుధాలు అప్పగింపజేయడానికి వెళ్ళినవాళ్ళు అక్టోబర్ నాటికి తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈతో యుద్ధం చేస్తున్నారు. కొత్తగా వచ్చిన అధ్యక్షుడు ప్రేమదాస వెళ్ళిపొమ్మన్నాడు. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. పక్కనే ఉన్న దేశం, భాష తెలిసినవాళ్ళు మన దగ్గరే ఉన్న దేశం, అక్కడే అలా జరిగింది.

మీరు అడిగే ప్రశ్నలు

2011లో గడాఫీ సైన్యం బెంఘాజీ జనాన్ని చంపేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. పక్కకు నెట్టేయం. 2011 మార్చిలో బెంఘాజీకి ముప్పు ఉంది, ఎంత ఉందనే దాని మీదే వాదన. కానీ ఆ ముప్పును ఆపడానికి ఇచ్చిన అనుమతితో ఏడు నెలలు యుద్ధం చేసి ప్రభుత్వాన్ని కూల్చారు. ప్రాణాలు కాపాడటానికి వెళ్ళిన సైన్యం ఏ రోజు వెనక్కి రావాలో ముందే రాసి ఉండాలి. చమురు ఉన్నచోట ఆ తేదీ ఎప్పుడూ రాయరు.

మొజాంబిక్ మాట కూడా ఎత్తుతారు. అక్కడి కాబో డెల్గాడో గ్యాస్ ప్రాజెక్టులో మన మూడు ప్రభుత్వ రంగ కంపెనీలకు కలిపి 30 శాతం వాటా ఉంది. 2021 మార్చిలో పాల్మా పట్టణం మీద తీవ్రవాదులు దాడి చేశారు, ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు నడుపుతున్న ఫ్రాన్స్ కంపెనీ టోటల్ పని ఆపేసింది. జూలైలో రువాండా సైన్యం దిగి పట్టణాలను తిరిగి పట్టుకుంది. "చూశారా, సైన్యం వస్తే గ్యాస్ బతికింది" అంటారు. రువాండా సైన్యం ఆ దేశ ప్రభుత్వం పిలిస్తే వెళ్ళింది, ఒక పక్షం తరఫున దేశాన్ని చీల్చడానికి కాదు. అయినా పని ఏళ్ళ తరబడి మొదలు కాలేదు. తీవ్రవాదులు అంతకుముందు ప్రశాంతంగా ఉన్న దక్షిణ జిల్లాలకు పాకారు. లక్షల మంది ఊళ్ళు వదిలారు. ప్రాజెక్టు కోసం భూములు పోయి కిటుండా పునరావాస గ్రామానికి వెళ్ళిన జాలర్లకు సముద్రమే దూరమైంది. సైనికుడు గేటు దాకా కాపాడగలడు. గేటు బయట బతుకు పోయినవాడి కోపాన్ని ఏ తుపాకీ కాపలా కాయలేదు.

మనం వెళ్ళకపోతే చైనా వెళ్తుందంటారు. వెళ్ళనీయండి. దక్షిణ సూడాన్ చమురులో మనకంటే చైనా వాటా పెద్దది. ఐరాస దళంలో భాగంగా ఆ దేశానికి ఒక బెటాలియన్‌ను కూడా పంపింది. 2016 జూలైలో రాజధాని జూబాలో ఇద్దరు చైనా సైనికులు చనిపోయారు, చమురు పెరగలేదు. దక్షిణ సూడాన్ చమురు రేవుకు వెళ్ళేది పైనున్న సూడాన్ మీదుగానే. అక్కడ 2023లో మొదలైన యుద్ధం, 2024 ఫిబ్రవరిలో పైప్‌లైన్ దెబ్బతినడం వల్ల దక్షిణ సూడాన్ ఎగుమతి పెద్ద భాగం ఆగిపోయింది. మన ఓఎన్‌జీసీ విదేశ్ వాటాలూ ఆ ప్రాంతంలోనే ఉన్నాయి.

ఒక్క సంగతి మీకు మీరే గుర్తుచేసుకోండి. 2003లో అమెరికా ఇరాక్‌కు మన సైన్యాన్ని పంపమని అడిగింది. అప్పుడూ "చమురు కాంట్రాక్టులు వస్తాయి, పునర్నిర్మాణం పనులు వస్తాయి" అని గట్టిగా వాదించినవాళ్ళు ఉన్నారు. ఈ పార్లమెంటే ఏప్రిల్‌లో ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసింది. జూలై 14న వాజపేయి ప్రభుత్వం పంపేది లేదని ప్రకటించింది. ఆ నిర్ణయం వల్ల మనకు చమురు ఆగలేదు. తర్వాతి కాలంలో ఇరాక్ మనకు అతిపెద్ద అమ్మకందార్లలో ఒకటైంది. బాగ్దాద్‌లో ఏ ప్రభుత్వం వచ్చినా కొనేవాడు కావాలి, మనం కొనేవాళ్ళం.

మా డిమాండ్లు

1. ఇతర దేశాల అంతర్యుద్ధాల్లో చమురు, గ్యాస్, గనుల ప్రయోజనాల కోసం భారత సాయుధ దళాలను వాడబోమని ప్రభుత్వం రెండు సభల్లోనూ ప్రకటన చేయాలి. పౌరులను తీసుకురావడానికి చేసే ఆపరేషన్లు, రెండు పక్షాల ఒప్పుదలతో జరిగే ఐరాస శాంతి పరిరక్షణ దీనికి మినహాయింపు. ఆ మినహాయింపుల్ని కూడా స్పష్టంగా రాయాలి, తర్వాత సాగదీయడానికి వీల్లేకుండా.

2. విదేశాలకు సైన్యాన్ని పంపే ముందు పార్లమెంటు అనుమతి తప్పనిసరి అనే చట్టం మన దేశంలో లేదు. శ్రీలంకకు పంపినప్పుడూ మీ ఓటు అడగలేదు. టర్కీలో ప్రభుత్వం కనీసం సభలో ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది, ఎవరు ఎటు వేశారో రికార్డులో ఉంది. మన ఓటర్లకు ఆ పాటి హక్కు లేదా? మీలో ఎవరైనా ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టండి. ఏ పార్టీ అయినా ఫర్వాలేదు.

3. లిబియా ఆయుధ నిషేధాన్ని తుంగలో తొక్కిన దేశాల గురించి భద్రతా మండలిలోనూ, ఆయా దేశాలతో జరిగే చర్చల్లోనూ మాట్లాడాలి. వాళ్ళలో మనకు మిత్రులు కూడా ఉన్నారు. మిత్రులతో చెప్పడమే కష్టం, చెప్పాల్సిందీ వాళ్ళకే.

4. ఘర్షణ ప్రాంతాల్లో వాటాలున్న మన ప్రభుత్వ రంగ కంపెనీలు ఏ సాయుధ వర్గానికి, ఏ ప్రైవేటు సైన్యానికి డబ్బు ఇస్తున్నాయో, ఇవ్వడం లేదో ఏటా సభ ముందు పెట్టాలి. "వాణిజ్య రహస్యం" అనే జవాబు ఈ విషయంలో మాకు ఒప్పుదల కాదు.

5. ఇంధన భద్రత కావాలంటే డబ్బు పెట్టాల్సిన చోటు మన గడ్డ మీదే ఉంది. విశాఖ, మంగళూరు, పాదూరు భూగర్భ చమురు గుహలు మూడింట్లో కలిపి పట్టేది 53.3 లక్షల టన్నులు. అంటే సుమారు తొమ్మిదిన్నర రోజుల అవసరం. అందులో విశాఖలో పట్టేది 13.3 లక్షల టన్నులు. ఒడిశాలోని చండీఖోల్‌లో కొత్తది, పాదూరులో రెండో దశ, కలిపి 65 లక్షల టన్నులకు 2021 జూలైలోనే మంజూరు ఇచ్చారు. అవి ఏ దశలో ఉన్నాయో ప్రతి సమావేశంలో అడగండి. యుద్ధనౌకను ఎడారి తీరంలో నెలల తరబడి నిలపడానికయ్యే ఖర్చుతో ఎన్ని గుహలు తవ్వవచ్చో రక్షణ శాఖ లెక్క వేసి చెప్పాలి.

6. ఏజెంట్లను నమ్మి లిబియా లాంటి దేశాలకు వెళ్ళినవాళ్ళ పేర్లు, వివరాలు ప్రభుత్వం దగ్గర ఉండాలి. నిషేధం పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదని 2020 అపహరణే చూపించింది. అప్పు పెట్టి పంపే ఏజెంటు మీద కేసు, అపహరణకు గురైనవాళ్ళ కుటుంబాలకు వారానికోసారైనా సమాచారం, తిరిగొచ్చినవాళ్ళకు బకాయి జీతాల కోసం న్యాయ సహాయం. ఈ మూడూ లేకుండా "విదేశాల్లోని భారతీయుల రక్షణ" అనే మాటను సైన్యం పంపడానికి సాకుగా వాడొద్దు.

రాబోయే సమావేశాల్లో మొదటి రెండు డిమాండ్ల మీద మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్రపు గుర్తు ప్రశ్న వేయమని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సభ్యులను ముఖ్యంగా కోరుతున్నాం. ఎవరు వేశారో, ప్రభుత్వం ఏం చెప్పిందో మేం మా ఊళ్ళలో చదివి వినిపిస్తాం. ఎవరూ వేయకపోతే అదీ చెబుతాం.

గౌరవంతో,
లిబియాలో పనిచేసి వచ్చిన కార్మికులు, వారి కుటుంబ సభ్యులు